హనుమక్కత్తకు ఒక ఆకు

మా ఊళ్లో ఇప్పుడు వాన లేకుండానే తడిమట్టి వాసన వస్తుంది. సోలార్ పలకల మీది దుమ్ము కడగడానికి నీళ్ల ట్రాక్టరు వచ్చిన రోజున, పలకల అంచుల నుంచి కారిన నీళ్లు ఎర్రమట్టిలోకి ఇంకి, ఆ వాసన గాలి వాటున మా రాయచెర్లు వీధుల దాకా వచ్చేస్తుంది. నేను ఆ పలకల మధ్య గడ్డి కోసే పనికి పోతాను. వాసన తగలగానే నా చెయ్యి కాసేపు ఆగుతుంది. మా పక్కింటి హనుమక్కత్త బతికున్నప్పుడు ప్రతిసారీ ఆ వాసనకు మోసపోయేది. అరుగు మీద నుంచి లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికి, "యాడే వాన? ఒక్క మబ్బు గూడా ల్యా" అని, మోసం చేసింది నేనే అయినట్టు నన్ను కోప్పడేది. ఆమె పోయి కొన్నేళ్లయింది. ఆమెను ఎరగని వాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే మా పెద్దల పండగ దగ్గరే మొదలుపెట్టాలి.

భాద్రపద అమావాస్య నాడు మా వైపు చనిపోయిన వాళ్లకు ఆకులు వేసి వడ్డిస్తాం. మనిషికొక ఆకు. ఓళిగలనే బొబ్బట్లు, వడలు, పాయసం, చిత్రాన్నం అందరి ఆకుల్లోనూ ఉంటాయి. వాటితో పాటు బతికున్నప్పుడు ఎవరు ఏది ఇష్టంగా తిన్నారో అది వాళ్ల ఆకులో తప్పకుండా పడాలి. ఆ ఇష్టాలు తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుండాలి. మామూలుగా అత్త కోడలికి చెబుతుంది. నేను కాపురానికి వచ్చేసరికి మా అత్త కూడా ఆ ఆకుల వరసలో చేరిపోయింది. ఇంట్లో అందరూ మగవాళ్లే. మీ అమ్మకు ఏమిష్టమని మా ఆయనను అడిగితే, "ఏదో ఒగటి చెయ్యి, తింటాది" అన్నాడు. కన్నకొడుకు చెప్పిన సమాధానం అది.

ఆ మొదటి పండగకు పొద్దున్నే పప్పు ఉడికించి, పూర్ణం చేయబోతుంటే, పిలవకుండానే హనుమక్కత్త వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. ఆమెకు మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. వాళ్ల గోడా మా గోడా ఒకటే. వరసకు అత్త అని పిలవమంటే పిలిచేదాన్ని, అంతవరకే పరిచయం. నేను బెల్లం దంచి గిన్నెలో వేస్తుంటే, "అంత బెల్లం ఏస్తాండావేందే? మీ అత్తకు తీపి తగ్గల్ల. యాలక్కాయ వాసనొచ్చిందంటే ఆకు కాడ్నుంచి లేసి పోతాది" అంది.

నేను చిన్నదాన్ని, నవ్వొచ్చింది. "పోయినామె మళ్లా లేసి యాడికి పోతాదత్తా?" అన్నాను.

"నగొద్దు. ఏడాదికొకసారి వచ్చే మనిషి. తన ఇంట్లో తన నోటికి రుచి ల్యాకుంటే ఎంత బాధ?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. నా నవ్వు దానంతట అదే ఆగిపోయింది.

ఆ రోజు ఆమె గడప దాటి లోపలికి రాలేదు. అక్కడి నుంచే మా అత్తను నాకు చూపించింది. ఓళిగ అంచు కొంచెం మాడితేనే మా అత్త తినేదట. నెయ్యి వద్దని, పచ్చి చెనక్కాయ నూనె రెండు చుక్కలు వేసుకునేదట. చేన్లో కలుపు తీస్తూ పాటలు పాడేదని, పాట మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆ రోజంతా వాళ్లతో పలికేది కాదని చెప్పింది. మా ఇంట్లో మా అత్త ఫోటో లేదు, ఆకు ముందర మడిచి పెట్టిన ఒక చీర తప్ప. ఆ చీర ముందు అంచు మాడిన ఓళిగ పెట్టి నూనె వేస్తుంటే, నేను ఎన్నడూ చూడని ఆ మనిషి నాకు బాగా తెలిసినామె అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూసి, "అవును, అమ్మ ఇట్లనే తింటాండె" అని మెల్లగా అన్నాడు. ఆయనకూ అప్పుడే గుర్తొచ్చింది. వంట నాకు పుట్టింట్లోనే వచ్చు. వంట ఎవరి కోసమో తలచుకుని చేయడం మాత్రం హనుమక్కత్త దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత సోలార్ వచ్చింది. మా చేను, ఆమె చేను, వీధిలో అందరి చేలూ కౌలుకు పోయాయి. వానలు లేక విత్తనం కూడా దక్కని భూములవి, ఇవ్వడంలో ఎవరికీ రెండో ఆలోచన లేదు, ఆమెకూ లేదు. అయితే మా ఇళ్లలో పెద్దలకు చేసే ఓళిగలకు సొంత చేని కందిపప్పే వాడాలి. కంచె వేసిన ఏడాది పండగకు మా ఆయన పావగడ అంగడి నుంచి పప్పు తెచ్చాడు. హనుమక్కత్త నాలుగు బద్దలు అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పింది. "బాగనే ఉండాది. పెద్దోళ్లు తిని, ఇది యా చేనిదని అడిగితే ఏం జెప్తావు?" అంది. జవాబు ఆమే చేసి చూపించింది. స్నానాల గది వెనక నీళ్లు పారే చోట కంది విత్తనాలు నాటింది. పాత చేని విత్తనం, ఎర్రమట్టి పట్టించి కుండలో దాచుకున్నది. ఆ కాసిని చెట్లకు మేకలు రాకుండా పాత చీరలు కట్టి, మధ్యాహ్నాలు అక్కడే కాపలా కూర్చునేది. కాసిన కందులు విసిరి పప్పు చేసి, మరుసటి పండగ ముందు వీధిలో ఇంటింటికీ పిడికెడు పంచింది. "అంగడి పప్పులోకి ఇది కలుపు. అంతా మనదే అయితాది" అని చెప్పింది. అప్పటి నుంచి మా వీధిలో అందరూ అలాగే చేస్తున్నారు.

ఇంతమంది ఆకుల గురించి తాపత్రయపడే మనిషికి రేపు ఆకు వేసేది ఎవరన్న దిగులు నాకు ఆ ఏడే పట్టుకుంది. పండగ మరునాడు ఆమె మా వంటింట్లో రాగి సంగటి తింటుంటే అడిగేశాను. "అత్తా, నీకు ఏది ఇష్టం?"

ఆమె ముద్ద తుంచడం ఆపింది. "నాకెవురు పెడతారే? కడుపున పుట్టినోళ్లు ఉంటే గదా" అంది. ఆమె అంత బేలగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

"పెట్టేది తరవాత. ముందు చెప్పు."

కంచంలోకి చూపించింది. "ఇదే. సద్ది చారు."

ఓళిగల కోసం ఉడికించిన పప్పు మీది కట్టుతో, కాస్త పూర్ణం, చింతపండు, కొబ్బరి, కారం నూరి వేసి కాచే చారు మా పండగలకు ఉండి తీరాలి. చేసిన రోజు అది పులుపు వేరు, తీపి వేరు, కారం వేరుగా ఉంటుంది. మరునాడు ఇంకోసారి మరిగిస్తే చిక్కబడి అన్నీ కలిసిపోతాయి. ఆమెకు కావలసింది ఆ మరునాటి చారు, వేడి సంగటి. కొత్త కోడలుగా ఉన్నప్పుడు పండగ రోజు అందరికీ వడ్డించి తనకు ఏమీ మిగిలేది కాదట. మరునాడు అందరూ చేలకు పోయాక, అడుగున మిగిలిన చారును మొగుడూ తనూ ఒకే కంచంలో పోసుకుని తినేవాళ్లట. చెబుతూ సిగ్గుపడింది. అంతలోనే నవ్వేసి, "పెద్దలకు సద్ది పెట్టగూడదు. నాకు ఇష్టమైంది ఆకులోకే రాదు, పోనీలే" అని మళ్లీ తినసాగింది.

ఆ తర్వాత మూడో వేసవిలో ఆమె పోయింది. నాలుగు రోజులు జ్వరం, అంతే. ఆమె మరిది కొడుకు బెంగళూరు నుంచి వచ్చి కర్మలన్నీ లోపం లేకుండా చేసి ఇంటికి తాళం వేశాడు. బస్సెక్కే ముందు, పెద్దల పండక్కి వస్తావా అని అడిగాను. "మా అమ్మకూ నాయనకూ ఆడనే పెట్టుకుంటామక్కా. పెద్దమ్మకు వేరేగా అంటే మాతో అయ్యేది గాదు" అన్నాడు. మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు.

అమావాస్య రానే వచ్చింది. మా వాళ్ల ఆకుల పక్కన ఇంకో ఆకు పరుస్తుంటే మా చిన్నమామ చూశాడు. మా మామకు తమ్ముడు, ఇంటికి పెద్ద, కొబ్బరికాయ కొట్టేది ఆయనే. ఎవరికని అడిగాడు. చెప్పాను.

"వేరే ఇంటి మనిషమ్మా ఆమె. మన పెద్దల పంక్తిలో ఎట్ల కూసోబెడతావు? మనోళ్లు ముద్ద ముట్టకుండా పోతే పాపం ఎవురిది?"

"మన పెద్దలకు ఏమిష్టమో నాకు జెప్పింది ఆయమ్మే గదా మామా."

"జెప్పింది. ల్యాదనను. ఆకు మాత్రం వద్దు" అన్నాడు. అరవలేదు. ఆయన భయం నిజమైనదే. నేను ఆ ఆకు తీసేశాను. ఈ ఇంట్లో ఆమె మాట లేకుండా ఒక్క ఆకూ నిండలేదు, ఆమెకు ఒక ఆకు వేయలేకపోయాను.

సాయంత్రం మిగిలిన చారు గిన్నె మీద మూత పెడుతుంటే నాకు తోచింది. ఆమె అడిగిన వంట పండగ నాడు తయారే కాదు, మరునాటికే అవుతుంది. పండగ అయిపోయాక మా పెద్దలంతా వెళ్లిపోతారు, పంక్తి ఉండదు, ఎవరూ అలిగి లేచిపోయే పని లేదు.

మరునాడు పొద్దున చారు బాగా మరిగించి, సంగటి కెలికి, ఆకు తీసుకుని తాళం వేసిన ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నీళ్లు చల్లి ఆకు పరిచి, ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి చారు పోశాను. కొబ్బరికాయ లేదు, కొత్త చీర లేదు. "అత్తా, సద్దిదే తెచ్చినా, తిను" అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

చిన్నమామ అటుగా వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. ఆకులోకి వంగి చూసి, "సద్ది పెట్టినావే?" అన్నాడు.

"ఆయమ్మ అడిగింది ఇదే మామా."

ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అరుగు ఆ చివర కూర్చున్నాడు. ముద్ద మీది ఆవిరి తగ్గేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత లేచి రెండడుగులు వేసి ఆగాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"అమ్మా, నాకు గుమ్మడికాయ పులుసంటే ఇష్టం. బెల్లం ఎయ్యకుండా. మా పిల్లోళ్లకు తెలీదు."

"గుర్తుంటాది మామా" అన్నాను.