పక్కవాడి ఫోన్ మోగితే

ఉచిత వైఫై అని గోడ మీద పెద్ద బోర్డు పెట్టి, తీరా అడిగితే "మీ మొబైల్ నంబర్ చెప్పండి, దానికి ఒక కోడ్ పంపుతాం" అనే విమానాశ్రయాల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఆ కోడ్ అందుకునే స్థితిలో నా ఫోన్ ఉంటే వాళ్ళ వైఫై నాకెందుకు? పోలండ్‌లో చదువుకుంటూ, సెలవు దొరికితే రాత్రి బస్సెక్కి, పొద్దున దిగిన ఊరు చూసి, మళ్ళీ రాత్రి బస్సెక్కే పద్ధతిలో ఏడాదిన్నరగా యూరప్ చూస్తున్నాను కాబట్టి ఈ విషయంలో నా మాటకు కొంత విలువ ఉండాలి.

జనవరిలో వియన్నా వెళ్ళినప్పుడూ ఇదే గొడవ. చివరికి మంచులో నిలబడి ఒక కాఫీ దుకాణం వైఫై మీద ఇంటికి ఫోన్ చేస్తే, బాపు పొలం కాడికి పోయాడంది అమ్మ. మర్నాడు చేసినా పొలమే. ఆ వారమంతా పొలమే. వ్యవసాయం మీద మా బాపుకి అంత శ్రద్ధ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. కొడుకు దూరమైతే తండ్రి బాగుపడతాడు కాబోలు అనుకుని రాజభవనం ఫొటోలు పంపాను.

జూన్‌లో పరీక్షలయ్యాక ఇంటికి బయలుదేరాను. ఉన్నవాటిలో చవక టికెట్‌కి ఒక షరతు: దోహాలో పగలంతా ఆగాలి. పొద్దున ఎనిమిదికి దిగడం, రాత్రి ఎనిమిదికి హైదరాబాద్ విమానం. మా పెద్దమ్మ కొడుకు లింగన్న అక్కడ షట్టరింగ్ పని చేస్తాడు. మా ఊరి లెక్కలో అతను ఉండేది దుబాయ్‌లో. దోహా కూడా దుబాయ్‌లోనే ఉంది. శుక్రవారం సెలవే కాబట్టి ఊరంతా తిప్పుతానని వాయిస్ మెసేజ్ పెట్టాడు. చివర ఒక ప్రశ్న: "తమ్మీ, నీ ఫోన్ ఈడ పని చేస్తదా?"

"చెయ్యదన్నా, రోమింగ్ లేదు."

"మంచిదే," అన్నాడు.

ఎందుకు మంచిదో అడగలేదు.

ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. లింగన్న ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఫోన్‌తో నిలబడి ఉన్నాడు. నన్ను కావలించుకున్నప్పుడు కూడా నా భుజం మీదుగా ఫోనే చూశాడు. మెట్రో ఎక్కాం. వెనకాల వచ్చేవారికి సలహా: రోజంతా తిరిగే టికెట్ ఆరు రియాళ్ళు, ఒకటి కొంటే చాలు, జూన్‌లో దాని విలువ ఏసీలో కనపడుతుంది.

"ఈ స్టేషన్ మేమే కట్టినం," అన్నాడు లింగన్న. తర్వాతి స్టేషన్ కూడా. ముషేరిబ్‌లో రైలు మారాలి. లింగన్న మంచినీళ్ళ కోసం వెళ్ళినప్పుడు ఫోన్ తీసి చూస్తే, స్టేషన్ వైఫై ఏ నంబరూ అడగకుండా నన్ను లోపలికి రానిచ్చింది. ఏడాదిన్నర పోరాటంలో తొలి విజయం. "లింగన్నతో ఉన్న" అని అమ్మకి ఒక ఫొటో పంపి, ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

సూక్ వాకిఫ్ పాత బజారు. అక్కడ డేగలు అమ్మే దుకాణాలున్నాయి. కళ్ళకు తోలు టోపీలు పెట్టుకుని, వరసగా, ఇంటర్వ్యూకి పిలిచేదాకా ఆగినట్టు కూర్చుంటాయి. నేను ఫొటో తీస్తుంటే లింగన్న ఫోన్ చూసుకుంటున్నాడు. బజారు మట్టిగోడలు చూపించి, "ఇదీ మీరే కట్టిండ్రా?" అన్నాను. నవ్వలేదు.

"మీ వదిన జగిత్యాల దవాఖాన్ల ఉంది. ఈడి టైంల పదకొండు గొట్టంగ కాన్పు ఆపరేషన్."

గడియారం పదిన్నర చూపిస్తోంది.

"మరి నన్ను తిప్పుడేందన్నా! రూంల ఉండక?"

"రూంల ఉండద్దనే వచ్చిన."

డేగల దుకాణం మెట్టు మీద కూర్చుని చెప్పాడు. రెండేళ్ళ కిందట తొలికాన్పు. ఆరోజు అతని ఫోన్ మోగలేదు. కూలీలుండే క్యాంపు రూంలో పక్క మంచం సత్తయ్య ఫోన్ మోగింది. సత్తయ్య బయటికి పోయి మాట్లాడి వచ్చి, లింగన్నకి చాయ్ పోసిచ్చాడు.

"సత్తయ్య ఎవ్వలికన్న చాయ్ పోస్తడా తమ్మీ? తానే మందిది తాగుతడు. ఆ గ్లాస్ సూడంగనే నాకు సమజైంది. పిల్లగాడు పోయిండు. మూడు దినాలు అందరు అంతా మంచిదే, అంతా మంచిదే అన్నరు. క్యాంపుల గిదే కత. మంచి ముచ్చటైతె మన ఫోన్‌కే వస్తది. చెడ్డదైతె పక్కోనికి చేస్తరు."

అందుకే ఈసారి పక్కవాళ్ళెవరూ లేకుండా, ఫోన్ పనిచెయ్యని నన్ను వెంటేసుకుని బయటపడ్డాడు. ఇక ఏ వార్తయినా నేరుగా అతనికే రావాలి. పకడ్బందీ ఏర్పాటు. జేబులో నా ఫోన్ కొంచెం బరువుగా అనిపించింది. అయినా బజారులో ఆ వైఫై లేదు కదా అని ఊరుకున్నాను.

పదకొండైంది. సముద్రం ఒడ్డున మ్యూజియం దాకా నడిచాం. ఎండకి సముద్రం కూడా మెరవడం మానేసి చూస్తూ ఉంది. లోపలికి వెళ్దామంటే లింగన్న ఒప్పుకోలేదు. "గోడలు మందం. సిగ్నల్ మాఫీ, అస్సలుండది." మ్యూజియాన్ని చుట్టూ తిరిగి చూశాం. బయటినుంచి చాలా బాగుంది.

నీడలో ఇద్దరు పిల్లలతో ఒకావిడ మా మాటలు విని పలకరించింది. భర్త ఇక్కడ ఇంజినీరు, సొంతూరు కాకినాడ. "ఈ ఎండలో బయట తిరుగుతున్నారేంటి బాబూ? లోపల చల్లగా ఉంటుంది, వెళ్ళండి."

"మా వదిన కాన్పు, ఫోన్ కోసం చూస్తున్నామండీ," అన్నాను.

"అయ్యో! ఫోన్ రాలేదంటే అంతా బాగానే ఉన్నట్టండీ," అందావిడ. లింగన్న ఆవిడకి దండం పెట్టి అక్కడినుంచి వేగంగా నడిచాడు.

శుక్రవారం నమాజు వేళకి దుకాణాలన్నీ మూసేశారు. మళ్ళీ తెరిచేదాకా ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేట సందుల్లో గోడనీడ పట్టుకుని నిలబడ్డాం. ఒంటిగంటకి ఒక చిన్న హోటల్లో అన్నం, పప్పు, చేపల పులుసు. లింగన్న అన్నం కలిపాడు, తినలేదు. అత్తమ్మకి చేశాడు: లేపడం లేదు. బామ్మర్దికి చేశాడు: స్విచాఫ్. ఏం చెయ్యాలో తోచక కౌంటర్ దగ్గరికెళ్ళి రెండు కరక్ చాయ్‌లు తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టాను.

గ్లాసు వంక చూసి, నా వంక చూశాడు.

"చాయ్ ఎందుకు తెచ్చినవ్?"

"ఊకెనే అన్నా! ఒట్టు, ఊకెనే!"

రెండు చాయ్‌లూ నేనే తాగాను.

కూర్చోలేక మళ్ళీ మెట్రో. ముషేరిబ్ ప్లాట్‌ఫాం మీద అడుగుపెట్టామో లేదో, నా జేబులో ఫోన్ మోగింది. పొద్దున నేను సాధించిన విజయం నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే మళ్ళీ లోపలికి పిలిచింది. నెట్ కాల్. అమ్మ.

లింగన్న రైలు వైపు చూడటం మానేశాడు. మా ముందు తలుపులు తెరుచుకుని, మళ్ళీ మూసుకుని, రైలు పోయింది.

"లేపు," అన్నాడు. "ఈడనే మాట్లాడు. పక్కకు పోతే మంచిగుండది."

స్పీకర్ పెట్టాను.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననే."

"లింగం పక్కకున్నడా?"

లింగన్న తల అడ్డంగా ఊపాడు.

"లేడు. నీళ్ళకు పోయిండు," అన్నాను.

"ఆడిపిల్ల పుట్టింది. పిల్ల మంచిగనే ఉంది. గని మీ వదినకు నెత్తురు ఆగుతలేదు బిడ్డా. అంబులెన్సుల కరీంనగర్ తీస్కపోతున్నరు. నెత్తురు ఎక్కియ్యాలెనట, అదేదో నెగటివ్ అట, దొరుకుతలేదట. లింగానికి చెప్పకు. ఒక్కడే ఉంటడు, ఆగమైతడు. అంతా మంచిదే అను."

"చిన్నమ్మా," అన్నాడు లింగన్న.

అటునుంచి అమ్మ, ఎంతో మామూలుగా, "లింగం! తిన్నవా బిడ్డా?" అంది.

"బీ నెగటివ్, చిన్నమ్మా. ఏ దవాఖానకు తీస్కపోతున్నరో అది చెప్పు."

ఆ తర్వాత లింగన్న ఆగం కాలేదు. నేనయ్యాను. అతను ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని మొదట సత్తయ్యకే చేశాడు. "సత్తన్నా, చాయ్ గీయ్ పక్కకువెట్టు. మీ తమ్ముడు కరీంనగర్ల ఆటో నడుపుతడు గద? వాళ్ళ అడ్డమీద బీ నెగటివ్ ఎవలున్నరో అడుగు. యల్లా, జల్ది!" పొద్దుటినుంచి తప్పించుకుని తిరిగిన క్యాంపులోని ప్రతివాడికీ వరసగా చేశాడు. ఎవడి బావో, ఎవడి దోస్తో, కరీంనగర్‌లో ఒక్కొక్కరే కదలడం మొదలైంది. రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. కాపలా మనిషి వచ్చి, ఇంతసేపు ఎందుకు కూర్చున్నారని హిందీలో అడిగాడు. నేను చెప్పాను. అతను నేపాలీ. వెళ్ళి, ఫోన్ చార్జింగ్ వైరు తెచ్చిచ్చాడు.

మూడున్నరకి సత్తయ్య తమ్ముడి ఆటోలో ఇద్దరు మనుషులు ఆ దవాఖాన చేరారని తెలిసింది. నాలుగున్నరకి లింగన్న బామ్మర్ది ఫోన్: "అంతా మంచిదే బావా."

"ఆ మాట అనకు. ఆమెకియ్యి."

"మాట్లాడద్దన్నరు బావా."

"ఒక్క మాటనే. ఇయ్యి."

చప్పుళ్ళు, ఎవరో నర్సు కసురు, తర్వాత వదిన గొంతు, ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టు: "నీ ముక్కే వచ్చింది పిల్లకు. ఇంక తెల్వది పాపం దానికి."

లింగన్న నవ్వాడు. ఆ పగలు అతను నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నేను రైళ్ళు చూస్తూ నిలబడ్డాను.

ఐదున్నరకి విమానాశ్రయం రైలెక్కాం. దోహా గురించి అడిగేవారికి నా అభిప్రాయం: డేగలు బాగున్నాయి, మ్యూజియం బయట బాగుంది, ముషేరిబ్ స్టేషన్ మాత్రం నాకు మా ఊరి బస్టాండు కన్నా బాగా తెలుసు. ఇంకో ఊరికి వెళ్ళి ఒక్క ప్లాట్‌ఫాం ఇంత శ్రద్ధగా చూసిన యాత్రికుడు అరుదు.

దిగేముందు, ఊరికే మాటవరసకి అన్నాను: "మీకు గిట్ల దాస్తరు గాని అన్నా, నాకైతే మా ఇంట్ల అన్నీ చెప్తరు."

లింగన్న నా బ్యాగు దించి నా చేతికిచ్చాడు.

"జనవరిల మీ బాపు పొలం కాడ లేడు తమ్మీ. కరీంనగర్ దవాఖాన్ల ఉండె. గుండెకు స్టెంట్ ఏసిండ్రు."