దొర బంగళా కిటికీలు

మా సింగానల్లూరులో బట్టల మిల్లు నడిపిన ఒక ఇంగ్లీషు దొర కట్టించుకున్న బంగళా ఉండేది. తన దేశపు పల్లెల్లో పెద్దవాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో అచ్చం అలాగే కావాలని, మన ఎండల్లో చలిమంట పొయ్యి, దానికో పొగగొట్టం కూడా పెట్టించాడట. చుట్టూ పచ్చగడ్డి, గులాబీలు, పెద్ద పెద్ద చెట్లు. దొర మిల్లు అమ్మేసి వెళ్ళిపోయాక బంగళా చేతులు మారి, పాడుబడి, చివరికి ప్లాట్లయింది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. మా అమ్మ ఆ బంగళాలో ఊడ్చి తుడిచిన మనిషి. నాకు దాన్ని చూసిన గుర్తే లేదు. అయినా దాని మీద నాకున్న కడుపుమంట అంతా ఇంతా కాదు.

నేను పుట్టిన మిల్లు కూలీల లైనింటికి తలుపు ఏ వైపు ఉండేదో కూడా అమ్మకు గుర్తులేదు. "ఏందో ఒక ఇల్లు" అంటుంది. బంగళా మాటెత్తితే మాత్రం మొహం వెలిగిపోతుంది.

పాత కట్టడాల చరిత్ర రాసుకుంటున్న కాలేజీ అమ్మాయి ఒకతె ఈమధ్య మా ఇంటికి వచ్చింది. అమ్మను ఆటోలో అపార్ట్‌మెంట్ల దగ్గరికి తీసుకెళ్ళాం. కార్లు ఆపే చోట నిలబడి అమ్మ చెయ్యి చాపింది.

"ఈడ సాప్పాటు రూము. దానికి మూడు జన్నల్. ఆడ దొరసాని పడుకునే రూము, దానికి రెండు."

ఒక్క కిటికీ కూడా వదల్లేదు. ఆ అమ్మాయి ఫోనులో వీడియో తీసుకుంటూ మురిసిపోతోంది. నాకు ఒళ్ళు మండింది.

"మనింటి తలుపు తెలీదు గాని, ఎవురిదో ఇంటి జన్నల్ అన్నీ తెలుసునా నీకి?" అన్నాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. "బిడ్డని లోపలికి ఎత్తుకపోగూడదు కదమ్మే. ఆ చెట్టుకింద తొట్లి కట్టి పండబెట్టి పోతి. జన్నల్ కాడికి వచ్చినప్పుడంతా తొంగి చూస్తా ఉంటి, ఏడుస్తా ఉందా, నిద్ర పోతా ఉందా అని."

చెట్టు ఎక్కడుండేదో అడిగి, వెళ్ళి అక్కడ నిలబడ్డాను.

"నేను బాగా ఏడుస్తా ఉంటినా అమ్మా?"

"నువ్వా? నువ్వు కాదే, మీ అక్క. నువ్వు పుట్టేటప్పటికి దొర ఊరికి పోయినాడు కదా. నిన్ను పక్కింటి అవ్వ కాడ ఇడిసి మిల్లు పనికి పోతి."

మా అక్క వాడిపట్టిలో ఉంటుంది. తరచూ ఫోన్లో మాట్లాడుకుంటాం. అమ్మ నన్నే దగ్గర పెట్టుకుందని, తనంటే మొదటినుంచీ లెక్కలేదని ఇప్పటికీ ఏడుస్తుంది. ఈ కిటికీల సంగతి మాత్రం నేను అక్కకు చెప్పలేదు. చెప్పను.