ఆది జాకెట్టు

బస్‌స్టాండు కౌంటర్లో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కిర్రుకిర్రుమంటూ టికెట్టు వదులుతుంటే, కాకినాడలో ఎస్తేరు గారి రెండు గదుల ఆఫీసు గుర్తొచ్చింది. ఆవిడ ఒకప్పుడు మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. రిటైరయ్యాక కంప్యూటర్లు కొని, చిన్న వ్యాపారాలకి ప్రోగ్రాములు రాయించేవారు. నాకు డిగ్రీ లేదు. ప్రోగ్రాములు రాసే సి భాష మొత్తం గ్రంథాలయంలో, అట్ట ఊడిన పుస్తకంలోంచి నేర్చుకున్నాను. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. "ముందు ఈ ఒక్క పని చేసి చూపించమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారావిడ.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. రాసిన ప్రోగ్రాముని చదివి యంత్రభాషలోకి మార్చే కంపైలరు ఏదైనా వార్నింగు ఇస్తే, ఎవరి ప్రోగ్రామైతే వాళ్ళు దాన్ని పైకి చదివి తెలుగులో చెప్పాలి. ఎర్రరొస్తే పని ఆగిపోతుంది కాబట్టి అందరూ చూస్తారు, వార్నింగొచ్చినా పని నడుస్తుంది కాబట్టి ఎవరూ చూడరు అనేవారు ఎస్తేరు గారు. "ఏమంటోంది?" అని కుర్చీలోంచే అడిగేవారు, గోడవతల పక్కింటావిడ ఏదో చెప్తున్నట్టు.

నాకిచ్చిన పని ఉప్పాడ నేతపనివారు సూరిబాబు గారిది. వాళ్ళ నాన్న చీరల కోసం గీసిన హంస బొమ్మ, మడతల దగ్గర చిరిగిపోతున్న గళ్ళకాగితం మీద ఉంది. హంసని ఒక్కసారే కంప్యూటర్లోకి ఎక్కించి, అద్దంలోలా తిప్పి, ఎదురుగా రెండోదాన్ని తయారుచేయాలి. అసలు బొమ్మ చెడకుండా, దాన్ని చూపించే పాయింటరుకి ఎస్తేరు గారు ముందే కాన్‌స్ట్ అనే మాట తగిలించారు. ఆ దారిన బొమ్మని చదవచ్చు, మార్చకూడదు. తిప్పడానికి నేను రాసిన ఫంక్షనేమో నకలు తియ్యకుండా ఉన్న బొమ్మనే తిప్పేది. వార్నింగొచ్చింది. పుస్తకంలో చదివిన ఉపాయం గుర్తొచ్చి, పాయింటరు ముందు బ్రాకెట్లలో కాన్‌స్ట్ లేని రకం పేరు రాశాను. దాన్నే టైప్ కాస్ట్ అంటారు. కంపైలరు నోరు మూసుకుంది.

"ఒక్క వార్నింగు కూడా లేదండి" అన్నాను గొప్పగా.

ప్రింటు తీశాం. చూసుకోడానికి వచ్చిన సూరిబాబు గారు కాగితం మీదకి వంగారు. "ఇదేంటండీ, ఎదురెదురుగా ఉండాల్సినవి రేషను షాపు లైన్లో నిలబడ్డట్టున్నాయి?"

నా ఫంక్షను అసలు హంసనే తిప్పేసింది. సేవ్ చేసి ఉంటే ఆ తండ్రి గీసిన బొమ్మ అలా తిరగబడే ఉండిపోయేది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఎస్తేరు గారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఆ కాస్టు మీద వేలుంచారు. "టైలరుకి ఆది జాకెట్టు ఇస్తావా?"

"ఇస్తానండి."

"కొలత చూసుకోడానికే కదా. దానిమీద కత్తెర పెట్టకూడదు. కాన్‌స్ట్ అంటే అదే. నువ్వేమో కాస్టు పెట్టి, ఇది కొత్త గుడ్డేనండీ కోసుకోండి అన్నావు. పాపం, నమ్మాడు."

"మా ఇంట్లో నిజంగానే కోసేశాడండి," అన్నారు సూరిబాబు గారు. "మా ఆవిడ ఇప్పటికీ ఆ టైలరున్న వీధిన నడవదు."

ఎస్తేరు గారు నవ్వి నావైపు తిరిగారు. "కాస్ట్ పెట్టడం తప్పు కాదమ్మా. గుడ్డ మనదే అయితే కోసుకోవచ్చు. ఎవరిదో చూసుకోకుండా మాత్రం ఆ మాట అనకు."

కాస్టు తీసేశాను. వార్నింగు మళ్ళీ వచ్చింది.

"ఏమంటోంది?"

"ఈ పాయింటరు మార్పిడి అనుమానంగా ఉందంటోందండి."

"నిజమే అంటోందిగా."

బొమ్మకి నకలు తీసి, ఆ నకలుని తిప్పేలా మార్చాను. ఈసారి ప్రింటరు ఒక్కో వరసా గీస్తుంటే రెండు ముక్కులూ ఎదురెదురుగా వచ్చాయి. సూరిబాబు గారు వాటిని చాలాసేపు చూసి, "ఈ అమ్మాయి ఎక్కడ చదివిందండీ?" అని అడిగారు. నేను ఎప్పట్లాగే చెప్పబోయాను.

"లైబ్రరీలోనండి," అన్నారు ఎస్తేరు గారు, నాకంటే గొప్పగా. "సోమవారం మీ ఊరొస్తుంది, మిగతా బొమ్మలు ఎక్కించడానికి."

నాకు ఉద్యోగం వచ్చిన సంగతి అలా తెలిసింది.

ఆవిడ ఇప్పుడు లేరు. నా స్క్రీను మీద వార్నింగొస్తే ఈనాటికీ తెలుగులో పైకి చదువుతాను. పక్కసీటువాళ్ళు నవ్వుకుంటారు. చదివాక కీబోర్డు మీంచి చేతులు తీసి, ఈ జాకెట్టు ఎవరిదా అని కాసేపు ఆలోచిస్తాను.