కుట్టీ మిషను పిన్ను

నాన్న వదిలి వెళ్లిన వాటిలో ఎవరూ అడగనిది కుట్టీ మిషను ఒక్కటే. ఆవుల కోసం పచ్చగడ్డిని ముక్కలు చేసే చేతి యంత్రం అది. కుట్టీ అంటే తరిగిన గడ్డి; ఇక్కడి హిందీవాళ్ల ఆ మాటే మా ఇంట్లోనూ స్థిరపడింది. నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో వెల్డరు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ప్లాంటువాళ్లిచ్చిన సెక్టారు క్వార్టరులో ఉంటూ కూడా పెరట్లో ఆవు లేకుండా ఉండలేకపోయాడు. దుర్గ్ సంతలో ఒక రైతు దగ్గర ఈ మిషను పాతదే కొన్నాడు. తర్వాత నాన్న కట్టుకున్న వైశాలి నగర్ ఇంటికి అది వచ్చింది. ఆయన పోయాక ఇంటితో పాటు నాకు మిగిలింది. ఏళ్ల తరబడి మెట్ల కింద తుప్పు పట్టింది.

నేను రిటైరయ్యాక చరోదా నుంచి అక్క ఫోను చేసింది. బావ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక రెండు ఆవులను పెంచుతున్నారు.

"ఆ మిషను బాగుచేసి నాకియ్యరా. ఖాళీగా కూచుని ఏటి చేస్తావు?"

సరేనన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు మెట్ల కిందికి వెళ్లలేదు.

నాన్న ఆవును పెంచిన ఆ రోజుల్లో నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పదకొండు. తొట్టిలోంచి గడ్డిని లోపలికి నెట్టేది అక్క. కత్తులు బిగించిన పెద్ద చక్రాన్ని తిప్పేది నేను. గడ్డి ఇరుక్కుంటే, చక్రం కదలకుండా ఒక ఇనప పిన్ను దూర్చి, ఆ తర్వాతే కత్తుల దగ్గర చెయ్యి పెట్టాలి. పిన్ను నా పని. ఆ సాయంత్రం గోడ అవతల పిల్లలు క్రికెట్టుకు పిలుస్తున్నారు. "పిన్ను ఎట్టు" అంది అక్క. నేను ఊఁ అన్నాను. పెట్టలేదు. ఆమె ఇరుక్కున్న గడ్డి లాగుతుండగానే, పని అయిపోతే చాలని చక్రాన్ని ఒక్క తోపు తోశాను. కుడిచేతి రెండు వేళ్లు సగానికి తెగిపోయాయి.

నాన్న, ప్లాంటులో ప్రమాదం జరిగితే ఎలా అడుగుతారో అలాగే అడిగాడు.

"పిన్ను ఎక్కడుంది?"

"పెట్టేను నాన్నా. అక్కే తీసీసింది."

విచారణ అక్కడితో ముగిసింది. అక్క అప్పటికింకా ఆస్పత్రిలోనే ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె పరాకు పిల్ల.

ఇంతవరకే అయితే చిన్నతనం అనుకోవచ్చు. పెద్దయ్యాక నేనూ ప్లాంటులోనే చేరాను. షిఫ్టు మొదట్లో పనివాళ్లకు జాగ్రత్తలు చెప్పడం నా వంతు. ఏళ్ల తరబడి హిందీలో అదే కథ చెప్పాను. మా దీదీ పిన్ను తీసి చెయ్యి పెట్టింది, చూడండి ఏమైందో అని. అందరూ తమ వేళ్లు చూసుకునేవారు. బాగా చెప్తారు సార్ అనేవారు. ఆ మెప్పు నాకు ఇష్టంగా ఉండేది. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

మిషనును విప్పి డీజిల్లో నానబెట్టాను. పళ్ల చక్రాలు కదిలాయి. అరిగిన బుష్షులు మార్చాను, కత్తులు సానబెట్టాను. వైరు బ్రష్షుతో తొట్టి పక్క మడ్డి గీకుతుంటే ఎర్ర రంగు కనిపించింది. నాన్న చేతిరాత. "పిన్ను తియ్యకమ్మా." ప్రమాదం తర్వాత రాసి ఉంటాడు. నా అబద్ధం ఆయన గుండ్రటి అక్షరాల్లో అలాగే ఉంది.

మర్నాడు దాని మీద ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేశాను. మిగతా మిషనుకు ఒక్క పూతే వేశాను.

తీసుకెళ్లడానికి అక్కా బావా చిన్న ట్రక్కు మాట్లాడుకుని వచ్చారు. బావ వీధిలో డ్రైవరుకు "పీఛే లో భయ్యా, ఔర్ పీఛే" అని చెబుతూ ట్రక్కును వెనక్కి రప్పిస్తున్నాడు. అక్క మిషను చుట్టూ తిరిగి తొట్టి దగ్గర ఆగింది. సగం వేళ్లతో ఆ చోటు తడిమింది.

"ఇక్కడ నాన్న రాత ఉండాలి కదరా. ఏదీ?"

"తుప్పులో..." అని మొదలుపెట్టాను. ఎంత సులువుగా వచ్చిందా మాట! ఆగాను. "లేదక్కా. నువ్వు చూడకూడదని రంగేసేశాను. ఆ రోజు పిన్ను నేను పెట్టలేదు."

ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"నాకేటి చెప్తావురా? అక్కడ నేను లేనా?"

"మరి నాన్నకి..."

"ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే చెప్పేను. భయంలో నీకు గుర్తులేదమ్మా అన్నాడు. నువ్వు రెండ్రోజులు అన్నం మానీసి ఏడిసేవు. నేను ఏడవలేదు. ఏడిసినోడినే నమ్మేరు."

ఆమె చెయ్యి ఇంకా ఆ పచ్చరంగు మీదే ఉంది.

"అయినా రాత ఎందుకు చెరిపీసేవు? తప్పు నాది కాపోయినా రాసింది నాకే కదా. నాకోసం నాన్న రాసిన ముక్క అదొక్కటే."

"థిన్నరు పెట్టి పైరంగు తుడిచేస్తాను."

"వద్దు. కిందున్నది కూడా పోతాది. నువ్వు చెయ్యాల్సింది అది కాదు. మీ బావకి చెప్పు. నలభై ఏళ్ల నుంచి నన్ను కత్తిపీట ముట్టుకోనివ్వడు."

అంతలో బావ లోపలికి వచ్చాడు.

"ఏటోయ్ బావమరిదీ, దీనికి పెళ్లి చేస్తావేటి, ఇంత ముస్తాబు చేసేవు?" అని, అక్క వైపు తిరిగాడు. "నువ్వు జరుగు. కత్తుల కాడ నీకేటి పని, పరాకు మేళమా."

అక్క జరగలేదు. నన్నే చూసింది. చెప్పాను, ఆ క్రికెట్టు పిలుపు దగ్గర నుంచి నా షిఫ్టు ఉపన్యాసాల దాకా. బావ నవ్వు మెల్లగా చచ్చిపోయింది. నన్ను తిడితే బాగుండుననిపించింది. కానీ అక్కనే అడిగాడు.

"నాకెప్పుడూ చెప్పలేదేటి?"

"పెళ్లయిన కొత్తలో చెప్పేను. నువ్వు నవ్వేవు."

డ్రైవరూ మేమూ కలిసి మిషనును ఎక్కించి తాళ్లతో కట్టాం. దారిలో చక్రం తిరగకుండా నేను పిన్ను దూర్చాను. అక్క ట్రక్కు అంచు పట్టుకుని పైకెక్కబోయింది. బావ వద్దనలేదు. ఆమె మోచేతికి చెయ్యి ఆసరా ఇచ్చి ఎక్కించాడు.

"పిన్ను పెట్టేనక్కా," అన్నాను.

ఆమె వంగి పిన్నును వేళ్లతో తడిమి, చక్రాన్ని రెండుసార్లు గట్టిగా ఊపి చూసి, అప్పుడు దిగింది.