ఇంట్లోవాళ్ళు విన్నాకే అచ్చుకు

మౌల్వీ కరీముద్దీన్ గారు ఇక లేరన్న కబురు మా ఇంటికి ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. ఆయన కొడుకు హబీబ్ గారు ఫిల్మ్‌నగర్‌లోని మా గేటు దగ్గర స్కూటర్ దిగకుండానే నాన్నతో రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయారు. ఆ సమయానికి నేను లోపలి గదిలో మౌల్వీ గారి చిత్తుప్రతినే శుభ్రంగా తిరగరాస్తున్నాను. ఒక వాక్యం సగంలో ఉంది. నాన్న గుమ్మంలో నిలబడి, "కలం పక్కన పెట్టమ్మా" అన్నారు. ఆయన గొంతు విన్నాక ఎందుకని అడగలేదు. ఆ వాక్యాన్ని పూర్తి చేయాలో వదిలేయాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను. వారం కిందటే గుడ్డసంచీతో వచ్చి, ఆఖరి నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిన మనిషి ఆయన.

ఆయన పుస్తకాలు చదివినవారు చాలామంది ఉన్నారు. ఆయనను చూసినవారు తక్కువ. సభలకు వెళ్ళేవారు కారు, ఫోటోలు తీయించుకునేవారు కారు. అందుకే పత్రికవారు నాలుగు మాటలు రాయమంటే, నలుగురిలో నోరు విప్పలేని నేను ఒప్పుకున్నాను. ఎనిమిదేళ్ళు ఆయన పేజీలకు ఫెయిర్ కాపీ రాసినదాన్ని నేనే. ఆ రోజుల డైరీలు నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ ఆయన మాటలుగా రాసినవన్నీ వాటిలోంచి తీసినవే.

మౌల్వీ గారు పాలమూరు పల్లెలో పుట్టారు. చిన్నతనంలోనే ఖురాన్ మొత్తం కంఠస్థం చేశారు. అరబ్బీ, ఉర్దూ చదివి, ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, తర్వాత టోలిచౌకిలో స్థిరపడ్డారు. మొదటి పుస్తకం నమాజులో చదివే మాటలకు తెలుగు అర్థం. జేబులో పట్టేంత చిన్నది. రెండోది పిల్లల కోసం రాసిన ప్రవక్త జీవితం. అందులో ఎడారి వస్తుంది గాని, పిల్లవాడి కాళ్ళు కాలేది మాత్రం మన ఎండాకాలపు మట్టిలో కాలినట్టే ఉంటుంది. ఆ తర్వాతిది ఆయన జీవితమంతా పెట్టిన పని, ఖురాన్‌కు తెలుగు వ్యాఖ్యానం. భాగాలుగా వెలువడింది. ఆఖరి భాగం ఒక్కటే మిగిలి ఉండగా ఆయన కన్నుమూశారు.

తెలుగులోనే ఎందుకు రాస్తున్నారని నాన్న ఒకసారి అడిగారు. ఆయన ఇలా చెప్పారు. "మా అమ్మకు ఉర్దూ రాదు సార్. అయిదు పూటలు నమాజు చేసేది. ఏం చదువుతున్ననో జర చెప్పు బిడ్డా అని అడిగేది. అప్పుడు నాకే తెల్వదు. తెలిసేనాటికి అమ్మ లేదు." ఆ మాట విన్నాక ఆయన తెలుగు ఎందుకంత తేటగా ఉంటుందో నాకు అర్థమైంది. ప్రతి వాక్యమూ ఆ ఒక్క మనిషికి చెబుతున్నట్టే రాసేవారు. తూకం గురించి వచ్చిన చోట రేషన్ షాపు త్రాసు ఉంటుంది. వాన గురించి వచ్చిన చోట నీళ్ళ ట్యాంకరు ముందు బిందెల వరుస ఉంటుంది.

ఆయన మా ఇంటికి రావడం సినిమా వల్ల జరిగింది. పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు వస్తుంటే నాన్న కూడా వచ్చేశారు. ఆయన పని రచయితలు చెప్పిన సంభాషణలను రాసుకుని ఫెయిర్ కాపీలు తయారుచేయడం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఇంటర్ అయ్యాక ఆ పని మెల్లగా నా చేతికి వచ్చింది. ఒక సినిమాలో నిఖా సన్నివేశం తప్పుల్లేకుండా తీయాలని దర్శకుడు మౌల్వీ గారిని ఆఫీసుకు పిలిపించారు. సన్నివేశం చూసి, తప్పులు దిద్ది, లేవబోతూ ఆ కాగితాలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఈ దస్తూరి ఎవరిదని అడిగారట. మా అమ్మాయిదని నాన్న చెప్పారు. మర్నాడే సంచీ నిండా నోటుబుక్కులతో మా గేటు తీశారు.

ఆయనకు అప్పటికే చూపు తగ్గింది. చిత్తులో వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేవి. ప్రెస్సువాళ్ళు చదవలేమని తిప్పి పంపారు. అమ్మ మొదట భయపడింది. పవిత్ర గ్రంథం కదా, పిల్ల చేత్తో ఏదైనా పొరపాటు పడితే ఎలా అంది. మౌల్వీ గారు కుర్చీలోంచి లేచి మరీ జవాబు చెప్పారు. నేను రాసేది ఆయన తెలుగు వివరణ మాత్రమేనని, అరబ్బీ వాక్యాలకు చోటు వదిలిపెడితే చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని, వజూ చేసుకుని తానే రాసుకుంటానని అన్నారు. అలా ప్రతి పేజీలో ఆయన చెప్పిన కొలతకు, రెండు వేళ్ళో మూడు వేళ్ళో, ఖాళీ వదిలేదాన్ని. ఆ ఖాళీలు నిండి తిరిగి వచ్చాక పేజీని అలా చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది.

నాన్నకూ ఆయనకూ స్నేహం కుదిరింది. ఖురాన్ మొత్తం కంఠస్థమని తెలిసిన రోజు నాన్న, "మా హీరోకు అరపేజీ డైలాగు నిలవదండీ. మిమ్మల్ని పెట్టుకుంటే వెనక నిలబడి అందించేవాడి పని పోతుంది" అన్నారు. మౌల్వీ గారు గడ్డం సవరించుకుంటూ, "డ్యాన్స్ ఎవరు చేస్తరు సార్ మరి?" అన్నారు. అమ్మ వంటింట్లో నవ్వింది. నేను తల వంచుకుని నవ్వాను. అప్పటికింకా ఆయన ముందు నేను ఒక్క మాట కూడా మాట్లాడింది లేదు.

నేను చేసిన ఒక తప్పు గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన వ్యాఖ్యానంలో ఆ తప్పు వల్ల వచ్చిన పేజీలు ఉన్నాయి. ఖురాన్‌లో ఒక అధ్యాయంలో, మీ ప్రభువు వరాల్లో దేన్ని కాదంటారు అనే ఒకే ప్రశ్న ముప్పైకి పైగా సార్లు తిరిగి వస్తుంది. నేను సినిమా పాటలు కూడా ఫెయిర్ చేసేదాన్ని. పాటలో పల్లవి ఒకసారి పూర్తిగా రాసి, ప్రతి చరణం చివర దాని మొదటి మాటను రెండు నిలువు గీతల మధ్య పెడితే సరిపోతుంది. అలవాటు కొద్దీ ఆ అధ్యాయాన్నీ అలాగే రాశాను. ప్రశ్నను మొదట ఒకసారి రాసి, తర్వాతంతా రెండేసి గీతలు, మధ్యలో ఒక్కొక్క మాట. చూడటానికి ఎంతో పొందికగా ఉందనుకున్నాను.

ఆయన భూతద్దం పెట్టి చూసి, ఆ గీతలేంటని అడిగారు. నేను నాన్న వైపు చూశాను. నాన్నే అలవాటు సంగతి వివరించారు. మౌల్వీ గారు భూతద్దం పక్కన పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి అన్నారు. "పాడెటోనికి పల్లవి తెలుసు బేటీ, గీత పెడితే చాలు. గీడ అట్ల కాదు. దేవుడు ప్రతిసారి కొత్తగ అడుగుతున్నడు. ప్రతిసారి మనం ఆగి జవాబు చెప్పాలె." ఏడుపు ఆపుకుంటూ పేజీలు వెనక్కి తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు. తన చిత్తు తీసి చూపించారు. మొదటి చోట మాత్రమే వివరణ రాసి, మిగిలిన అన్ని చోట్లా "పైన చెప్పినట్టే" అని వదిలేశారు. "నేను చేసిందే నువ్వు చేసినవ్. నాది నాకు కనబడలే" అన్నారు. రెండు నెలలు కనిపించలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆ ప్రశ్న వచ్చిన ప్రతి చోటికీ వేరే వివరణ రాసి తెచ్చారు. ముందు వచ్చిన వాక్యం ఏ వరాన్ని గుర్తుచేసిందో, దానికి మనిషి ఏ జవాబు చెప్పగలడో, ఒక్కొక్కటీ విడిగా. ఆయన రాసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు అవే.

అప్పట్లో జూబిలీహిల్స్‌లో ఇళ్ళ కోసం బండలు పేల్చేవారు. మా వీధి చివర మిగిలిన ఒక పెద్ద బండకు తేనెపట్టు ఉండేది. తేనెటీగల ప్రస్తావన వచ్చే అధ్యాయం రాస్తున్న రోజుల్లో ఆయన నాన్నను వెంటబెట్టుకుని దాన్ని చూడటానికి వెళ్ళారు. కళ్ళు సరిగా కనిపించక, ఎండలో నిలబడి ఆ హోరు విని వచ్చారు. ఆ పేజీలో ఆయన పట్టు ఆకారాన్ని వర్ణించలేదు, శబ్దాన్నే వర్ణించారు. ఎందుకని ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి అడిగాను. "చూడంది ఎట్ల రాస్త?" అన్నారు. నేను డైరీ రాస్తానని నాన్న ద్వారా తెలిసి, చూసింది ముందు రాయమని, అనుకున్నది తర్వాత రాయమని చెప్పిందీ ఆ రోజే. ఇప్పటికీ అలాగే రాస్తున్నాను.

ఆయనకు ఒక నియమం ఉండేది. ఏ పేజీ అయినా ఇంట్లో ఆడవాళ్ళు విన్నాకే అచ్చుకు వెళ్ళాలి. మధ్యాహ్నం నమాజు అయ్యాక భార్య, కోడలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు జంపఖానా మీద కూర్చునేవారు. ఆయన చదివేవారు. చూపు మరీ తగ్గాక ఒక పాత విద్యార్థిని వచ్చి నా ఫెయిర్ కాపీ చూసి చదివేది. పెళ్ళయి ఆమె ఈమధ్యే వేరే ఊరు వెళ్ళిపోయింది. ఎవరికైనా అర్థం కాక ప్రశ్న వేస్తే ఆ పేజీ వెనక్కి వచ్చేది, ఆయన మళ్ళీ రాసేవారు. పండితులు మెచ్చిన పేజీలు కూడా అలా నా దగ్గరికి రెండోసారి, మూడోసారి వచ్చిన సందర్భాలున్నాయి. నన్నూ వచ్చి చదవమని ఎన్నోసార్లు అడిగారు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన బలవంతపెట్టేవారు కారు.

ఆయన పోయిన పది రోజులకు హబీబ్ గారు వచ్చారు. ఆఖరి భాగం చిత్తు నా దగ్గరే ఉంది. ఆ రాత చదవగలిగేదాన్ని నేనే. రాయగలనా అని అడిగారు. రాస్తానన్నాను. అరబ్బీ వాక్యాలు తాను రాస్తానన్నారు. ఆ సగం వాక్యం దగ్గర మళ్ళీ మొదలుపెట్టి మూడు వారాల్లో పూర్తిచేశాను. అప్పుడు హబీబ్ గారు అసలు సంగతి చెప్పారు. తన చదువంతా ఉర్దూ మీడియంలో సాగిందట. తెలుగు కూడబలుక్కుని చదవగలరు గాని వినిపించలేరు. ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు. వినిపించకుండా పంపడానికి వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు. మౌల్వీ గారు అంత కష్టపడి రాసిన ఆఖరి భాగం నా ఒక్కదాని బిడియం వల్ల బీరువాలో ఉండిపోతుందని తెలిసి ఆ రోజంతా అన్నం సహించలేదు. సాయంత్రం నాన్నతో, మర్నాడు టోలిచౌకిలో దింపమని చెప్పాను.

మౌల్వీ గారి భార్య, భర్త పోయాక నాలుగు నెలలు పాటించే ఇద్దత్‌లో ఉన్నారు, గడప దాటరు. హబీబ్ గారు తెర అవతల కూర్చున్నారు. జంపఖానా మీద పది పన్నెండు మంది ఆడవాళ్ళు. నా గొంతు నాకే వినిపించలేదు. ఆవిడ, "జర గట్టిగ చదువు బిడ్డా. వీళ్ళంత వయసోళ్ళు, సగం చెవులు ఇంట్లనే పెట్టొచ్చిన్రు" అన్నారు. పక్కావిడ ఆవిడ మోకాలి మీద కొట్టింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా గొంతు కాస్త తెరుచుకుంది. వారం రోజులు, రోజుకు కొన్ని పేజీలు చదివాను. అక్కడక్కడ తలలు ఊగాయి, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరూ ప్రశ్న వేయలేదు.

ఆఖరి రోజు, ఇరుగుపొరుగుకు చిన్న చిన్న వస్తువులు ఇవ్వడానికి కూడా మనసొప్పని వారిని గురించిన చిన్న అధ్యాయం వచ్చింది. ఉప్పు, సూది, చెంబు, అడిగినవారికి ఇవి లేవనకూడదని మౌల్వీ గారు వివరంగా రాశారు. మౌల్వీ గారి భార్య చెయ్యి ఎత్తి నన్ను ఆపారు.

"ఇచ్చెటోళ్ళకు చెప్పిండు, మంచిగున్నది. అడగనీకి సిగ్గుపడెటోళ్ళు ఉంటరు గద. వాళ్ళ సంగతేంది?"

నేను పేజీ కింద పెట్టాను. ఆ ప్రశ్నకు పేజీ వెనక్కి వెళ్ళాలి. రాసే మనిషి లేరు. తెర వెనక నుంచి హబీబ్ గారు, తెలిసిన పెద్దవారితో నాలుగు వాక్యాలు రాయించి చేర్చవచ్చు అన్నారు. ఆవిడ వెంటనే వద్దన్నారు.

"ఆయన రాయనిది ఆయన పేరు మీద రాయొద్దు బేటా. నేను అడిగిందే కింద రాయున్రి. చదివెటోళ్ళు చెప్తరు."

తర్వాత నా వైపు చూశారు. ఇంటికి వెళ్ళి రాసి తెస్తాననబోయాను. అనలేదు. అక్కడే, అంతమంది ముందు, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాను. చదవమన్నారు. చదివాను. ఆఖరి వరుసలో కూర్చున్న ముసలమ్మ, ఇప్పుడు వినబడింది అంది.

ఆ భాగం ఈ వారం ప్రెస్సుకు వెళ్ళింది. తెలుగులో దేవుని మాటను తన తల్లికి చెబుతున్నట్టు చెప్పిన వ్యాఖ్యాత మరొకరు నాకు తెలియదు. ఆ లోటు తీరేది కాదు. అయినా ఆయన ఆఖరి పుస్తకంలో ఒక పేజీ అడుగున ఆయన భార్య ప్రశ్న ఉంటుంది, దాని కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటుంది. కంపోజింగ్ చేసేవారు ఆ ఖాళీని మూసేయకుండా నేనే వెళ్ళి చెప్పి వచ్చాను. జవాబు తోచిన పాఠకులు టోలిచౌకిలో ఆ ఇంటికి వెళ్ళి చెప్పండి. మధ్యాహ్నం నమాజు అయ్యాక అక్కడ వినేవాళ్ళు ఉంటారు.