గోధుమ దాణాకు నా పూచీ

దాణా విషయంలో ఎవరైనా ఎదురు చెబితే నాకు ఒళ్లు మంట. బహదూర్‌పురాలోని మా చిన్న మిల్లులో కోళ్ల దాణాకు ఏ గింజ ఎంత కలపాలో నిర్ణయించేది నేనే. ఆ వానాకాలం మంచి మొక్కజొన్న దొరకలేదు. సగం తీసేసి గోధుమ వేద్దామన్నాను.

ఏళ్ల తరబడి మిక్సర్ నడుపుతున్న చాచా ఒప్పుకోలేదు. "గోధుమ తింటే కోడి రెట్ట జిగటైతది బేటీ. కింద పరిచిన ఊకంత తడుస్తది."

"అందుకే గదా చాచా ఎంజైమ్ కలిపేది! కడుపులనే ఆ జిగటను విరగ్గొడతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

మొదటి లోడు శివారులో బ్రాయిలర్ షెడ్డు నడిపే ఒకావిడకు పంపాను. ఆమెకు అంతకుముందే ఒక బ్యాచ్ పాడైంది. ఇదీ పాడైతే కోడిపిల్లలు ఇచ్చే కంపెనీ ఇక ఆ షెడ్డు గడప తొక్కదు. నాది పూచీ అని మాటిచ్చాను.

ఐదో రోజు ఆమె ఫోన్. "మేడం, ఊకంత ముద్దైంది. వాసనకు కండ్లు మండుతున్నయ్."

చాచా మీద విరుచుకుపడ్డాను. "ఎంజైమ్ వేసినవా, మరిచినవా?" ఆయన ఖాళీ ప్యాకెట్లు తెచ్చి చూపించాడు. "గింజలారబెట్టే మిషన్ మీద ఉన్నయే వేసిన బేటీ" అన్నాడు.

చెమ్మ తగలకూడదని, మా అమ్మ ఉప్పు జాడీని పొయ్యి పక్కన పెట్టినట్టు, వాటిని ఆ వేడి మిషన్ మీద పెట్టింది నేనే. వేడికి ఎంజైమ్ చెడిపోతుందని అందరికీ పాఠాలు చెప్పేదీ నేనే! తల తీసేసినట్టయింది.

కొత్త ఎంజైమ్‌తో దాణా కలిపించి, బండిలో నేనే వెళ్లాను. ఆమెతో కలిసి తడి ఊక ఎత్తిపోసి పొడిది పరిచాను. గోధుమ మాత్రం పిడికెడు కూడా తగ్గించలేదు. నా లెక్క మీద నాకు నమ్మకం. తప్పు నాదని ఆమెకూ చెప్పలేదు, చాచాకూ చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే ఊక పొడిపొడిగా ఉంది. కోళ్లు చలాకీగా తిరుగుతున్నాయి. చూశావా అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"చాచాను ఏమనకుండ్రి మేడం" అందామె. "ఊక తడిసిందని నేను చెప్పిన రోజే నాకు ఫోన్ చేసి తప్పు తనదే అన్నడు. మిమ్మల్ని తిట్టొద్దన్నడు."

నడుం మీది చేతులు దించాను. "ఆయనది కాదమ్మా, నాది" అన్నాను. ఆమె ఎదురుగానే చాచాకు ఫోన్ చేసి మాఫీ అడిగాను.