గంప దించిన చేతులు

నిన్న ఖమ్మంలో మా వీధి చివరి పెద్ద దుకాణం నుంచి చింతపండు పొట్లం తెచ్చి, కత్తెరతో మూల కత్తిరించాను. గింజ తీసి నలుచదరంగా నొక్కిన కొత్త పండు. ఆ పుల్లటి వాసనకు నోరూరాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. పొట్లం మీద ఒక బొమ్మ ఉంది. తలమీద గంపతో ఒక గిరిజన స్త్రీ పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. కింద ‘అడవి తల్లి ప్రేమతో’ అని అచ్చువేశారు. ఆ అడవి అంచున నేను పద్దెనిమిదేళ్లు పంతులమ్మగా పనిచేశాను. సంతకు గంప ఎత్తుకొచ్చిన ఆడమనిషి అలా నవ్వడం ఒక్కసారీ చూడలేదు. రెండు చేతులతో గంప అంచులు బిగించి పట్టుకుని, ఎవరు మీద పడతారోనని అటూ ఇటూ చూస్తూ నడిచేవాళ్లు. వాళ్లలో ఒకామె కారం లచ్చవ్వ. ఆమె గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు.

డెబ్బైల చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది ఏన్కూరు అవతల, అడవిలోకి దారి తిరిగే ఒక సంత ఊళ్లో. మధిరలో పెరిగిన పెళ్లికాని పిల్ల అక్కడ ఒంటరిగా ఎలా ఉంటుందని మా అమ్మ కంగారు పడితే, ఆ ఊళ్లోనే కిరాణా కొట్టు పెట్టుకున్న మా మేనమామ తన ఇంట్లో ఉంచుకుంటానన్నాడు. మావయ్య ఒక చేతిసంచితో ఆ ఊరు చేరినవాడు. నేను వెళ్లేసరికి పెంకుటిల్లు, ఇంటి వెనక గోదాము లేచాయి. అవి ఎలా లేచాయో బుధవారం సంతనాడు అరుగు మీద నిలబడితే కనపడేది. గూడేల నుంచి కోయ ఆడవాళ్లు చింతపండు, ఇప్పపువ్వు, బంక గంపలకెత్తుకుని పొద్దున్నే వచ్చేవాళ్లు. కొట్లవాళ్ల మనుషులు ఊరి పొలిమేరలోనే కాపు కాసి, ఎదురెళ్లి, గంపలు పట్టి కిందికి దించేవాళ్లు. ఎవరి చెయ్యి గంపను దించితే సరుకు ఆ కొట్టుదే. ధర మాట ఆ తర్వాత, అదీ దించినవాడి నోటి నుంచే. తూకం లేదు, కంటితో అంచనా. ఇంత ఉప్పు, ఇన్ని నూకలు, నాలుగు ఎండుచేపలు. ఇది ఏ చట్టంలోనూ లేదు. దౌర్జన్యానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడే సంతకు ఆ చివర సర్కారు కొనుగోలు డిపో తెరిచి, కాటా పెట్టి, ధరలు పలక మీద రాశారు. ఏం లాభం? అక్కడిదాకా గంప తలమీద నిలిస్తే కదా! ఇదంతా చూస్తూ నేను, సంత అంటే ఈ తోపులాట ఉంటుందిలే అనుకున్నాను.

లచ్చవ్వ మనవరాలు మా బడి హాస్టల్లో ఉండి చదువుకునేది. సంతకు వచ్చినప్పుడల్లా లచ్చవ్వ కొంగులో తునికిపళ్లు కట్టుకొచ్చి పిల్లకిన్ని, నాకిన్ని పెట్టేది. యాభై దాటిన మనిషి, గట్టి మెడ, తక్కువ మాట. ఎవరినీ ‘మీరు’ అనేది కాదు, మా హెడ్మాస్టరును కూడా. ఒకరోజు నేను పిల్లలకు తూకాల లెక్కలు చెబుతుంటే గుమ్మంలో కూర్చుని ఆసాంతం విన్నది.

“ఇన్ని చెప్తున్నవ్ గద పంతులమ్మ, మా గంప కాటా దాక ఎందుకు పోదో గది గూడ చెప్పరాదు?”

నేను నవ్వి ఊరుకున్నాను. జవాబు లేనప్పుడు నవ్వేయడం మా చదువుకున్నవాళ్లకు బాగా అలవాటు.

ఆ వేసవిలోనే జరిగింది. ఒంటిపూట బడి ముగించుకుని వచ్చి మావయ్య కొట్టు ముందు నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. లచ్చవ్వ ఎలా తప్పించుకుందో ఏమో, పొలిమేర మనుషులందరినీ దాటి గంపతో సంత మధ్యకు వచ్చేసింది. డిపో ఇంకో వంద అడుగుల దూరం. నన్ను చూసి ఆగింది. నేనున్నానన్న ధైర్యంతోనే ఆగిందని నాకు తర్వాత తెలిసింది. ముఖమంతా చెమట, ఎగశ్వాస. పాపం అనిపించి, రెండు చేతులూ చాచి గంప అందుకుని అరుగు మీదికి దించాను.

మావయ్య గల్లా దగ్గర నుంచి లేచొచ్చాడు. “శభాషమ్మాయ్! మా గుమస్తాకి చాతకాంది నువ్వు చేశావ్!”

నాకు అర్థమయ్యేసరికి గుమస్తా గంపను లోపలికి లాగేశాడు. లచ్చవ్వ మావయ్య వంక చూడలేదు. నా చేతుల వంక చూసింది.

“ఎందుకు దింపినవ్?”

“అలిసిపోయావని, లచ్చవ్వా...”

“అలిసిన అని నేను చెప్పిన్నా? దింపుమని అడిగిన్నా?”

గంప తిరిగి ఇచ్చెయ్యమని మావయ్యను బతిమాలాను. ఆయన విసుక్కోలేదు కూడా. పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. “నీ చెయ్యంటే మన చెయ్యేగా అమ్మాయ్. ఇవాళ నీ మొహం చూసి వదిలేస్తే రేపు సంతంతా మన నెత్తినెక్కి కూర్చుంటుంది.” నాలుగు శేర్ల నూకలు, దోసెడు ఉప్పు లచ్చవ్వ కొంగులో పోయించాడు. ఆమె మూట కట్టుకుని వెళ్లిపోయింది. నేనేం చేశాను? లోపలికి వెళ్లి, చారు పోసుకుని అన్నం తిన్నాను. ఇన్నేళ్లయినా ఆ ముద్ద తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం నాడు ఆమె గూడెం వెతుక్కుంటూ నడిచాను. పోయిన సరుకుకు నా జీతంలోంచి ఇస్తానన్నాను. లచ్చవ్వ ఆ మాట విననట్టే చేట పక్కన పెట్టి, గుడిసె మూల చూపించింది. అక్కడ ఇంకొక్క గంప చింతపండు ఉంది. వానలు పడితే వాగు పొంగి దారి మూసుకుపోతుంది. ఆ లోపల ఇంట్లో గింజలు పడాలి. వానకాలమంతా ఇంటిల్లిపాదీ తినాల్సింది ఆ గంప మీదనే.

“గదే ఆఖరుది. బుధారం నాడు నువ్వు మొయ్యి,” అన్నది. “నీ నెత్తి మీది గంపను గుంజే మొగోడు గా ఊర్ల ఉన్నడా చూద్దాం.”

బుధవారం పొలిమేరలో ఆమె చీరపేలిక చుట్టకుదురు నా తలమీద పెట్టి, గంప ఎత్తింది. నాలుగడుగులు వేయగానే మెడ నరాలు తెగిపోతాయనుకున్నాను. కాపు కాసినవాళ్లు అలవాటుగా ఉరికొచ్చారు, నా మొహం చూసి చాచిన చేతులు అలాగే ఉంచేశారు. మావయ్య గుమస్తా నా పక్కనే చేతులు నలుపుకుంటూ, “అమ్మాయిగారూ, గిదేం పనండీ, జర దించండి” అని వెంటపడ్డాడు. సంతలో ఒకరు నవ్వారు, ఇంకొకరు ఈల వేశారు. కొట్టు ముందుకొచ్చేసరికి మావయ్య అరుగు దిగి అడ్డం నిలబడ్డాడు.

“దించు! నా పరువు బజారున పెడుతున్నావ్!”

నేను ఆగిపోయాను. వెనక నుంచి లచ్చవ్వ గొంతు వినిపించింది. “ఆగకు పంతులమ్మ, నడువు.”

నడిచాను. మావయ్య నా మీద చెయ్యి వేయలేకపోయాడు. అంతకాలం అంత గట్టిదనుకున్న పద్ధతి మేనకోడలి తలకాయ దగ్గర ఆగిపోయింది. అంటే లచ్చవ్వ తలకాయకు వాళ్ల లెక్కలో అసలు విలువే లేదన్నమాట. నాకు కోపం అప్పుడు పుట్టింది, డిపో ముందు, మెడ విరుగుతుండగా. డిపో గుమస్తా కునికిపాట్లు మాని లేచాడు. “ఇప్పుడు నేను దింపుత” అని లచ్చవ్వ తన చేతులతో నా తలమీది గంప దించి కాటా మీద పెట్టింది. ఆ రోజు కాటా లెక్కన వచ్చిన డబ్బుతో ఆమె కొన్న బియ్యం మోసుకెళ్లడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. నేను ఇంటికి వెళ్లేసరికి నా ట్రంకుపెట్టె అరుగు మీద ఉంది. బడి వెనక కిరాయి గదిలోకి మారిపోయాను.

తర్వాతి సంతకు లచ్చవ్వ తన గూడెం ఆడవాళ్లను వరసగా నడిపించుకొచ్చింది. వెనకామె చెయ్యి ముందున్నామె గంప మీద. లాగితే వరసంతా మీద పడుతుంది. నేను మాత్రం పక్కన నడిచాను, మోయమని నన్నెవరూ అడగలేదు.

పదేళ్లు గడిచాయి, రోడ్డు పడింది. లారీలు గూడేల్లోకే వెళ్లి సరుకు ఎత్తుకురావడం మొదలుపెట్టాయి. డిపోకు తాళం పడింది. మావయ్య పోయాక వర్తకులు సంతలో ఆయన పటం పెట్టి, కింద ‘ఈ అడవి ప్రాంతానికి వాణిజ్యం నేర్పిన మహనీయుడు’ అని రాయించారు. ఏం నేర్పాడండీ? ఆయన పుట్టకముందు నుంచీ ఆ ఆడవాళ్లకు సరుకు తెలుసు, కాలం తెలుసు, దాని విలువా తెలుసు. మనం నేర్పిందల్లా నడిదారిలో లాక్కోవడం. ఆ పటం ఇంకా అక్కడే ఉంది.

తొంభైల మధ్యలో నాకు బదిలీ అయింది. వెళ్లిపోయే రోజు బస్సు కోసం నిలబడి ఉంటే లచ్చవ్వ వచ్చింది. ముసలిదైపోయింది. తలమీద చిన్న గంప, అందులో నాకోసం తెచ్చిన తునికిపళ్లు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. గంప వణుకుతోంది. నా చేతులు లేవబోయి ఆగాయి.

“అలిసిన పంతులమ్మ,” అన్నది. “దింపు.”

ఆ తర్వాత ఎన్నో బస్టాండ్లలో, ఎన్నో అంగళ్లలో బరువులు మోసుకొచ్చినవాళ్లు నా ముందు ఆగారు. ఒక్కరి మూటనైనా అడగకుండా ముట్టుకోలేదు. నిన్నటి ఆ పొట్లం మీది బొమ్మను మాత్రం ఎవరినీ అడగకుండా కత్తిరించి పారేసి, చింతపండు డబ్బాలో పెట్టాను.